మీ నాయన ఉండాడా?

మునికృష్ణకి బతకడానికి ఇంక కాసేపే మిగిలింది. ఆ సంగతి తెలియక అతను లాడ్జి మెట్లెక్కుతూ, లిఫ్టు బాగుచేయించని మేనేజరును తిట్టుకుంటున్నాడు.

తిరుపతి బస్టాండు ఎదుటి సందులో ఉంది ఆ లాడ్జి. మునికృష్ణ చేతిలో సెల్లు, సెల్లులో ‘గడప’ యాప్. ఊళ్ళు తిరిగేవాళ్ళకి తమ ఇంట్లో ఉచితంగా ఒక మంచం, ఒక పూట భోజనం ఇచ్చే జనం కలిసి పెట్టుకున్న ఆన్‌లైన్ సంఘం అది. ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఇంట్లో పడుకోబెట్టుకోవాలంటే ఎవరో ఒకరు పూచీ ఉండాలి కదా! ఆ పూచీ పేరు పసుపు టిక్కు. ఆధార్ సరిపోవాలి, మొహం స్కాన్ సరిపోవాలి, ఆ పైన ఆ ఊరి సభ్యుడొకడు మనిషిని స్వయంగా చూసి సాక్షి పెట్టాలి. మునికృష్ణ తిరుపతికి సాక్షి. ఉద్యోగం ఒక కాలేజీ ల్యాబులో. ఇది జీతం లేని పని, సరదా పని.

తిరుపతిలో మొహం స్కాన్ ఎప్పుడూ పనిచేయదు. ఆధార్ ఫోటోలో ఒత్తు జుట్టుతో ఉన్న మనిషి ఇక్కడికొచ్చేసరికి గుండు, గుండు మీద గంధం. కంప్యూటర్ ఎర్రగా ‘ఫెయిల్’ అంటుంది. అందుకని హెడ్డాఫీసు ఒక్క తిరుపతికి మాత్రం సడలింపు ఇచ్చింది. గుండు మనిషైతే స్కాన్ అక్కర్లేదు, సాక్షి మాట చాలు. ఈ ఊళ్ళో గుండును అనుమానించేవాడు ఎవడుంటాడు?

తలుపు తీసిన మనిషి పొడగరి. గుండు, గంధం, నున్నటి మొహం, నవ్వు. తెలుగు వార్తలు చదివినట్టుంది.

“రండి. దర్శనం చాలా బాగా జరిగింది. నా పేరు నారాయణ. పీలేరు పక్కన పల్లె.”

“పీలేరా! మా చిన్నమ్మోళ్ళది ఆ పక్కే అన్నా,” అన్నాడు మునికృష్ణ కూర్చుంటూ. “మీ నాయన ఉండాడా?”

“ఉన్నారు. మునిరామయ్య గారు. టమోటా వేశారు. ఈ ఏడు రేటు లేదు.”

ఊరు సరిపోయింది, తండ్రి పేరు సరిపోయింది, టమోటా రేటు కూడా సరిపోయింది. మునికృష్ణ మాత్రం ఆ మనిషి పై పెదవి వైపు కాస్త ఎక్కువసేపే చూశాడు. తరవాత సెల్లు జేబులో పెట్టుకుని లేచాడు.

“ఈడ నెట్ రాలేదన్నా. కిందికి పోయి టిక్కు పెడతా.”

మెట్ల మీద హెడ్డాఫీసుకి ఫోన్ చేశాడు. “మేడమ్, ఈయనకి నేను సాక్షి పెట్టను. మనిషి సరిగా లేడు.” అవతలి గొంతు మెత్తగా, “సరే, మీరు అక్కడే ఉండండి,” అంది. మునికృష్ణ ఉండలేదు. అనుమానం వస్తే చెప్పమని ఎవరో ఆఫీసర్లు సాక్షులందరికీ ఇచ్చిన నెంబరొకటి ఉంది. దానికి వాయిస్ మెసేజ్ మొదలుపెట్టాడు. “సార్, వాడి నాయన బతికే ఉండాడంట. అయినా...”

వెనకనుంచి వచ్చిన కత్తి ఆ మాటను అక్కడే ఆపేసింది. సందులో ఓ భక్తబృందం గోవింద నామం చేస్తూ పోతోంది. మునికృష్ణ చేసిన చప్పుడు అందులో కలిసిపోయింది.

*

తిరుపతిలో ఎవరూ రెండోసారి చూడని బండి అంబులెన్సు. అందుకే నిఘా విభాగం సదరన్ డెస్క్ చీఫ్ అమర్‌నాథ్ బ్రీఫింగులన్నీ ఒక ఆసుపత్రి ఆవరణలో ఆపిన అంబులెన్సులోనే పెడతాడు. స్ట్రెచర్ మీద లాప్‌టాప్. ఎదురుగా ఏజెంట్ నైన్.

ఏజెంట్ నైన్ అసలు పేరు ధర్మేంద్ర. సొంతూరు కాణిపాకం. ఊళ్ళో వాళ్ళ లెక్కలో ఇన్సూరెన్సు కంపెనీ ఉద్యోగి. ఏ పాలసీ అమ్మమన్నా అమ్మలేడు గానీ, నాలుగు దేశాల్లో నాలుగు పేర్లతో బతికి బయటపడ్డ మనిషి.

“విన్నావా?” అన్నాడు అమర్‌నాథ్. ఆయనది విశాఖపట్నం.

“ఇంకోసారి వెయ్యండి సార్.”

చచ్చిపోయిన మునికృష్ణ మళ్ళీ మాట్లాడాడు. వాడి నాయన బతికే ఉండాడంట. అయినా...

“ఢిల్లీలో ఎనలిస్టులు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. ‘నాయన’ అంటే గూఢచారి ముఠా నాయకుడి కోడ్ నేమ్ అయి ఉండొచ్చని ఒకాయన నోట్ కూడా పంపాడు. లాడ్జి మేనేజరేమో గదిలో దిగినవాడిది గుండు, నున్నటి మొహం అంటున్నాడు, వాడి గడప ప్రొఫైల్లో పీలేరు పల్లె, తండ్రి టమోటా వేశారు, ఈ ఏడు రేటు లేదు అని ఉంది.”

ధర్మేంద్ర నవ్వలేదు. అతని చెయ్యి తనకు తెలియకుండానే సొంత మీసం మీదికి పోయింది.

“కోడు లేదు, ఏమీ లేదు సార్. ఆ గదిలో మనిషికి మీసం కూడా లేదు. అంతే మునికృష్ణ చెప్పబోయింది. మా పక్క తలనీలాలు ఎన్నిసార్లయినా ఇస్తాం. నాయన బతికుండగా మీసం మాత్రం తీయం. నాయన పోయినప్పుడు కర్మకి తీసేది అది. పీలేరు పల్లెలో పుట్టినోడు, నాయన టమోటా తోటలో ఉండంగా, మీసం గీయించుకుని వచ్చినాడంటే వాడు పీలేరువాడు కాదు.”

అమర్‌నాథ్ ఆ ఢిల్లీ నోట్ మూసేశాడు. తరవాత లాప్‌టాప్ తిప్పాడు. అసలు నారాయణ కువైట్‌లో లారీ నడుపుతున్నాడు. ఎప్పుడో ఏదో లాడ్జిలో ఇచ్చిన ఆధార్ జిరాక్స్ చేతులు మారి సముద్రం దాటింది. ఆ ముఠా దాని మీద ఒక మనిషిని తయారుచేసింది. ఊరు, తండ్రి, పంట, అన్నీ నేర్పింది. మొహం స్కానులో దొరక్కూడదని తలా మొహమూ మొత్తం నున్నగా చేయించింది. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

“వాడికి ‘గడప’ టిక్కు దేనికి?” అన్నాడు ధర్మేంద్ర.

“ఎవరి ఇంట్లోనో అతిథిగా దిగడానికి. ఎవరి ఇల్లో తెలీదు. వాళ్ళ మెసేజులు చదవగానే చెరిగిపోతాయి. రేపు మధ్యాహ్నం సూళ్లూరుపేట అవతల రాకెట్ లేస్తోంది. సరిహద్దు మీద కన్నేసే ఉపగ్రహం ఉంది అందులో. నా భయం అదీ.”

“సాక్షి వద్దన్నాడు కదా. టిక్కు పడిందా?”

“పడింది. అతను చనిపోయాక. హెడ్డాఫీసు అడ్మిన్ నుంచి.” అమర్‌నాథ్ ఫోటో చూపించాడు. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు. నడిచొస్తే బ్యాంకు మేనేజర్లు కూడా లేచి నిలబడే రకం. “కోమలి. గడపలో వెరిఫికేషన్ హెడ్. చిత్తూరు పిల్ల. రెండేళ్ళుగా మన ఇన్ఫార్మర్. అడ్మిన్ హ్యాక్ అయిందని ఏడ్చింది.”

“మునికృష్ణ ఆఖరి ఫోన్ ఎవరికి చేసినాడు సార్?”

అమర్‌నాథ్ కోమలి ఫోటో మీద వేలు పెట్టాడు.

టెక్నికల్ వింగ్ నకిలీ నారాయణ అకౌంటును లాక్ చేసి తమ చేతుల్లోకి తీసుకుంది. అందులోంచి కోమలికి ఒక మెసేజ్ పోయింది. ‘ఫోన్ పోయింది. చిరునామా మళ్ళీ కావాలి. నేరుగా.’ ఆమె మన మనిషే అయితే ఈ మెసేజ్ సంగతి అమర్‌నాథ్‌కి చెప్పాలి. అమర్‌నాథ్ ఫోన్ మోగలేదు. అకౌంటులో మాత్రం జవాబు వచ్చి పడింది. ‘రేపు పొద్దున కాణిపాకం. గుడి ఎదుట టెంకాయల అంగళ్ళ దగ్గర. మనవాళ్ళందరి గుర్తుమాటే, పసుపు ఆరిందా అంటాను. తడిగానే ఉంది అనండి.’

“అంటే వాణ్ణి ఆమె ఎప్పుడూ చూడలేదు,” అన్నాడు అమర్‌నాథ్. “నువ్వు నారాయణవై వెళ్ళాలి. గుండు కావాలి. మీసం...” ఆగాడు. “కాణిపాకం మీ ఊరే కదా. ఇబ్బందా?”

“మా నాయన టెంకాయల అంగడి ఆడే ఉండాది సార్.”

“ఆయన కంట పడకు.”

చెప్పడానికేం, ఎంత తేలికైన మాట!

*

సెలూన్ దొరస్వామి చెయ్యి తేలిక. తల నిమిషాల్లో అయిపోయింది. కత్తి పై పెదవి దగ్గరికొచ్చి ఆగింది.

“మీసం అన్నా?”

“తీసెయ్.”

కత్తి కదల్లేదు. “నాయన ఉండాడా?”

అద్దంలో దొరస్వామి కళ్ళు అతన్నే చూస్తున్నాయి. ధర్మేంద్ర తుపాకీ ముందు అబద్ధాలు ఆడాడు. పాలిగ్రాఫ్ మెషీను ముందు ఆడాడు. గుండె లయ కూడా తప్పలేదు. ఇప్పుడు ఈ ఒక్క మాటకి అద్దంలోంచి చూపు తిప్పుకున్నాడు.

“లేడు,” అన్నాడు.

“అయ్యో. ఎప్పుడు పోయినాడన్నా?”

అతను కళ్ళు మూసుకున్నాడు. దొరస్వామి ఆ మౌనాన్ని దుఃఖం అనుకుని ఇంకేం అడగలేదు. అది దుఃఖమే. పొద్దున్నే టెంకాయలు సర్దుకుంటున్న నాయనను కొడుకు తన నోటితో చంపేశాడు. ఏ దేశభక్తి లెక్కలోనూ ఆ పాపం కొట్టేసేది కాదని ధర్మేంద్రకి అనిపించింది.

గుండు మీద దట్టంగా గంధం పూశారు. చెవి వెనక గంధం కింద బియ్యపుగింజంత రిసీవరు. అందులోంచి అమర్‌నాథ్ గొంతు సన్నగా వినిపిస్తుంది, ఇక్కడి మాటలు ఆయనకీ వినిపిస్తాయి.

*

కాణిపాకంలో ఆ పొద్దున జనం కిటకిటలాడుతున్నారు. కోమలి చెప్పిన చోటికే వచ్చింది. అద్దాలు తీయకుండానే టీ అంగడి బెంచీ మీద అతని పక్కన కూర్చుంది.

“పసుపు ఆరిందా?”

“తడిగానే ఉంది.”

ఆమె అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. అనుమానం తీరలేదు. అంతలో ఎదుట ఒక నీడ పడింది.

“టెంకాయ తీసుకోండమ్మా. అర్చనకి.”

ధర్మేంద్రకి తలెత్తక్కర్లేకుండానే తెలిసింది. ఆ గొంతు అతనికి ఎక్కాలు నేర్పింది. నాయన చెంగయ్య చేతిలో రెండు టెంకాయలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముసలాయన చూపు గుండు మీదినుంచి జారి, నున్నటి పెదవి మీద ఆగిపోయింది. నోరు తెరుచుకుంది. ఒక్క మాట, ‘రేయ్ ధర్మా’ అనే ఒక్క మాట బయటికొస్తే అంతా అయిపోతుంది. ఎవరింట్లోనో ఎవరో చచ్చిపోతారు.

“అక్కర్లేదు. వెళ్ళండి పెద్దాయనా,” అన్నాడు ధర్మేంద్ర వార్తలు చదివే తెలుగులో.

చెంగయ్య నోరు మూసుకున్నాడు. ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు. “సరేప్పా,” అని, వెనక్కి తిరిగి అంగడి వైపు నడిచాడు. ఒక టెంకాయ చేతిలోంచి జారి దొర్లిపోయినా వంగి తీసుకోలేదు.

“ఎందుకట్ల సూసినాడు ముసలాయన?” అంది కోమలి.

“నాకేం తెలుసు?”

“నాకు తెలుసు.” ఆమె మొదటిసారి అద్దాలు తీసింది. కళ్ళు చాలా అందంగా, చాలా చల్లగా ఉన్నాయి. చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుని, మామూలుగా కుశలం అడిగినట్టు అడిగింది. “మీ నాయన ఉండాడా?”

రిసీవర్లో అమర్‌నాథ్ ఊపిరి బిగబట్టాడు. చిత్తూరు పక్కవాడు ఎవడైనా, మీసం లేని మొహం పెట్టుకుని, ‘లేడు’ అంటాడు. ఆ ‘లేడు’తో సంచీలోని తుపాకీ పేలుతుంది. ఆచారం తెలియని పరాయివాడు ఇంకో రకంగా చెబుతాడు.

“ఉన్నారు,” అన్నాడు ధర్మేంద్ర. “ఊళ్ళోనే. టమోటా వేశారు. ఈ ఏడు రేటు లేదు.”

కోమలి పకపకా నవ్వింది. “ఇందుకే కదా ఆ మునికృష్ణ పట్టేసినాడు! నాయన ఉండేవాడు ఈ పక్క మీసం తీయడు. ఎవరు గీయించుకోమన్నారు మిమ్మల్ని? మీ వల్ల నేను ఒక మనిషిని తీసేయించాల్సి వచ్చింది. ఇప్పుడు ఫోన్ పారేసుకుని ఇంత ఆలస్యం చేస్తారా? నిన్ననే పోవాల్సింది సూళ్లూరుపేటకి. గిరిప్రసాద్ ఇల్లు. వాళ్ళమ్మాయి మహిత పేరు మీద ఉండాది గడపలో. బజారు వెనక వీధి, నీలం గేటు.”

రిసీవర్లో అమర్‌నాథ్ ఎవరికో ఆ పేరు అరిచి చెబుతున్నాడు. అదే క్షణాన కోమలి ఒళ్ళోని సెల్లు టింగుమంది. అడ్మిన్ నోటిఫికేషన్. ‘మా అతిథి నారాయణ గారు క్షేమంగా చేరారు. మహిత.’

అకౌంట్ లాకైపోయిన అసలు హంతకుడు, ఇంటమ్మాయి సెల్లు లాక్కుని తన క్షేమం తెలియజేసుకున్నాడు. కోమలి అది చదివింది. పక్కనున్న నారాయణను చూసింది. మొహంలో ఏ మార్పూ లేదు, సంచీ మాత్రం అతని వైపు తిరిగింది.

ధర్మేంద్ర ఆమె మణికట్టు పట్టుకుని సంచీతో సహా లోపలికి విరిచాడు. తుపాకీ ఆమె కడుపులోకే పేలింది. గుడి ముందు పగులుతున్న టెంకాయల చప్పుడులో ఆ చప్పుడు ఎవరికీ ప్రత్యేకంగా వినిపించలేదు. కళ్ళు తిరిగిపడిపోయిన చెల్లెలిని ఎత్తుకెళ్ళే అన్నలా అతను ఆమెను కారులోకి చేర్చాడు. ఎవరో మంచినీళ్ళు కూడా ఇచ్చారు పాపం.

కారు తిరుపతి దాటి శ్రీకాళహస్తి దారి పట్టింది. కోమలి పెదవులు తెల్లబడుతున్నాయి.

“మీరూ కొన్నారు నన్ను, వాళ్ళూ కొన్నారు. వాళ్ళకి నా విలువ తెలిసింది,” అంది. “పోయినా ఆపలేరబ్బా. రాకెట్ దారి తప్పితే ఆకాశంలోనే పేల్చేసే మీట ఉంటాది. గిరిప్రసాద్ దాని ముందు కూర్చుంటాడు. పొద్దున వాడి పెండ్లాం తలకి తుపాకీ పెట్టి చెప్పింటాడు మావాడు. బాగా పోయే రాకెట్‌నే పేల్చాల. లేకుంటే ఇంట్లో రెండు శవాలు.”

“ప్రయోగం ఆపేస్తాం.”

“ఆపండి. ఇంట్లో టీవీ ఉండాది. కౌంట్‌డౌన్ ఆగినా, గిరిప్రసాద్ కుర్చీలో కనపడకున్నా వాడు కాల్చేస్తాడు.” ఆమె నవ్వబోయింది. నవ్వు పూర్తి కాలేదు.

ధర్మేంద్ర ఆమె కళ్ళు మూశాడు. పగ ఏమీ మిగల్లేదు, అలసట మాత్రం మిగిలింది.

“విన్నాను,” అన్నాడు అమర్‌నాథ్ చెవిలో. “ధర్మేంద్రా, రాకెట్ లేచాక గిరిప్రసాద్‌ను కుర్చీలోంచి లాగెయ్యడానికి మనిషిని పెడుతున్నాను. అతని చెయ్యి మీట మీదికి పోతే లాగేస్తారు. అది టీవీలో కనిపిస్తుంది. ఆ తరవాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నీకు తెలుసు. అంతలోపు నీకు ఎంత టైముంటే అంత.”

ఆడవాళ్ళిద్దరి ప్రాణాలు తన కాళ్ళ వేగం మీద ఆధారపడ్డాయని అర్థం. ధర్మేంద్ర యాక్సిలరేటర్ నేలకి తొక్కాడు.

*

సూళ్లూరుపేటలో జనమంతా మిద్దెల మీదికెక్కి ఆకాశం వైపు చూస్తున్నారు. ఈ ఊరికి రాకెట్ అంటే వర్షం లాంటిది, ఎన్నిసార్లు వచ్చినా చూడాలనిపిస్తుంది. నీలం గేటు ఇంటి మిద్దె మాత్రం ఖాళీగా ఉంది. గడపకి పొద్దుట పూసిన పసుపు మీద ఒక బూటు గుర్తు.

ధర్మేంద్ర తలుపు కొట్టాడు.

“ఎవరూ?” ఆడగొంతు.

“కోమలి పంపింది. పసుపు ఆరిందా?”

లోపల అడుగుల చప్పుడు. తరవాత మగగొంతు. “తడిగానే ఉంది.”

తలుపు తెరుచుకుంది. ముందు గిరిప్రసాద్ భార్య ప్రసన్నకుమారి నిలబడి ఉంది. ఆమె వెనక, ఆమె మెడకి తుపాకీ ఆనించి, నకిలీ నారాయణ. ఇద్దరు గుండు మనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. అదే గంధం, అదే నున్నటి పెదవి. ప్రసన్నకుమారికి మిగిలిన ఆఖరి ఆశ కూడా చచ్చిపోయింది. వీడొకడు చాలక ఇంకొకడు!

“నీ అకౌంట్ లాకయింది కదా,” అన్నాడు ధర్మేంద్ర లోపలికి వస్తూ. “అందుకే నన్ను పంపారు. ఒక్కడివే ఇద్దరిని చూసుకోలేవని.”

అకౌంట్ సంగతి నిజం. అందుకే వాడు సగం నమ్మాడు. తుపాకీ మాత్రం దించలేదు.

హాల్లో టీవీ ముందు కుర్చీకి కట్టేసి ఉంది మహిత. ఇంటర్ చదివే పిల్ల. ఊరూరి మనుషులు ఇంటికి రావాలని ముచ్చటపడి గడపలో చేరింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. టీవీలో కంట్రోల్ రూమ్. వరసలో ఒక మొహం చెమటతో మెరుస్తోంది. గిరిప్రసాద్.

కౌంట్‌డౌన్ అంకెలు పడిపోతున్నాయి. సున్నా. తెరంతా మంట. కాసేపటికి కిటికీ అద్దాలు గడగడా వణికాయి. మిద్దెల మీదినుంచి చప్పట్లు వినిపించాయి.

“లేచింది,” అన్నాడు అమర్‌నాథ్ చెవిలో. “గిరిప్రసాద్ చెయ్యి మీట మూత మీద ఉంది. లాగేయమంటున్నా.”

“ఒక్కటి చెప్పు,” అన్నాడు ధర్మేంద్ర హంతకుడితో, మామూలు గొంతుతో. “నీకు ఆ మీసం ఎవడు తీయమన్నాడు?”

“ఏం?”

“దాంతోనే కదా దొరికిపోయినావు.”

ప్రపంచంలో ఎవడైనా ఆ మాటకి ఒకే పని చేస్తాడు. వాడి చెయ్యి, తుపాకీ పట్టుకున్న చెయ్యే, పై పెదవి దగ్గరికి లేచింది. ప్రసన్నకుమారి మెడ మీదినుంచి ఇనుము తొలగింది. ధర్మేంద్రకి అంతే చాలు. రెండు సార్లు కాల్చాడు.

మునికృష్ణను చంపినవాడు నేల మీద పడ్డాడు. వాడి అసలు పేరు ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

“ఇద్దరూ క్షేమం! ఆపండి, ఆయన్ని లాగద్దు! ఆయనకి చెప్పండి!” అని అరిచాడు ధర్మేంద్ర.

“చెప్తున్నారు, నమ్మట్లేదు!” అమర్‌నాథ్ గొంతు బొంగురుపోయింది. “పొద్దున వాడు మహిత గొంతును కంప్యూటర్‌తో చేసి వినిపించాడట. ఎవరు ఫోన్లో చెప్పినా అది దొంగ గొంతే అనుకో అని బెదిరించాడట. మూత తీసేశాడు, దగ్గరికొస్తే నొక్కేస్తానంటున్నాడు! ఆయన భార్యను లైన్లోకి తీసుకురా!”

ధర్మేంద్ర ఫోన్ ప్రసన్నకుమారి చేతిలో పెట్టాడు. “మీరేనని ఆయనకి నమ్మకం కలగాలక్కా. ఏదో ఒకటి చెప్పండి.”

పొద్దుటి నుంచి మెడ మీద చావు పెట్టుకుని నిలబడిన ఆ మనిషికి ఏం చెప్పాలో తోచలేదు. వంటింటి వైపు చూసింది. అంతే, కట్ట తెగింది.

“నీకేమన్నా బుద్ధుండాదా?” అని అరిచింది. “పొయ్యి మీద రసం పెట్టి సూసుకోమంటి కదా! ఆపకుండానే పోతివి! గిన్నె మాడి బొగ్గయిపాయ! మీ అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె అది! పెండ్లయిన కాడ్నుంచి ఒక్కనాడన్నా పొయ్యి ఆర్పినావా నువ్వు? ఆ మీట మీద చెయ్యి తీ ముందు! పాప బాగుండాది, నేను బాగుండాను. ఇంటికి రా, నీ సంగతి చెప్తా!”

చెప్పి బావురుమంది.

టీవీలో గిరిప్రసాద్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. మూత మళ్ళీ మీట మీద పడింది. కంప్యూటర్లు ఏ గొంతునైనా తయారుచేస్తాయి గానీ, ఆ తిట్టు తయారుచేసే కంప్యూటర్ ఇంకా పుట్టలేదు. రాకెట్ నిటారుగా, నిబ్బరంగా మబ్బుల్లోకి పోయింది.

*

గడప మూతపడింది. కువైట్‌లో అసలు నారాయణను పిలిచి పొద్దస్తమానం ప్రశ్నలు అడిగారు. తన పేరుతో ఇంత జరిగిందని విని, ఆ ఆధార్ ఇచ్చిన లాడ్జిలో వేణ్నీళ్ళు కూడా రాలేదని మాత్రం చెప్పాడట.

మునికృష్ణ కర్మకి ధర్మేంద్ర వెళ్ళాడు. ఎవరికీ ఎవరని చెప్పుకోలేదు. వెనక వరసలో నిలబడ్డాడు. కొడుకుకి గుండు చేశారు. వాడికి తీయడానికి ఇంకా మీసమే మొలవలేదు. దేశం ఒక ఉపగ్రహాన్ని నిలబెట్టుకుంది, ఆ ఇంటికి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వీల్లేదు కూడా. ధర్మేంద్రకి అక్కడ నిలబడడం కష్టమైంది.

అక్కణ్ణుంచి నేరుగా కాణిపాకం పోయాడు. చెంగయ్య అంగడిలో టెంకాయలకి పీచు ఒలుస్తున్నాడు. తలెత్తి చూశాడు. మళ్ళీ దించుకున్నాడు.

“ఎవరు కావాలప్పా?”

“నేనే నాయనా.”

“నేనే అంటే?”

“ధర్మేంద్రని.”

ముసలాయన పీచు ఒలవడం ఆపలేదు. “ఆధార్ ఉండాదా?”

ధర్మేంద్ర జేబులోంచి తీసి ఇచ్చాడు. చెంగయ్య చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కార్డును దూరంగా పట్టుకుని చూశాడు. ఎదుటి మొహాన్ని చూశాడు. మళ్ళీ కార్డును చూశాడు.

“సరిపోలేదు,” అన్నాడు. “ఇందులో వాడికి మీసం ఉండాది. మావాడు నాయన బతికుండగా మీసం తీసే రకం కాదు. గుడి ముందర నన్ను పెద్దాయనా అనే రకం కూడా కాదు.”

“నాయనా, ఎందుకు తీసినానో చెప్పడానికి లేదు. నిన్ను అట్ల అనకుండా ఉండేదానికీ లేకపాయ. తప్పయిపాయ నాయనా.” అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చెంగయ్య కళ్ళజోడు తీశాడు. తరవాత కార్డు తిరిగి ఇచ్చేసి, మూలనున్న స్టూలు కాలితో ముందుకు తోశాడు.

“ఇన్సూరెన్సోళ్ళకి ఇన్ని పాట్లా? సరే. మీసం మొలిచినాక రా, అప్పుడు కొడుకువో కాదో సూస్తా. అందాకా అతిథివి. కూర్చోప్పా, అన్నం పెడతా.”